ఒక కుచ్చు నల్లజుట్టు

ఆదివారం మధ్యాహ్నం భోజనాల పళ్ళేలు కడిగి, గ్రేవీ మరకలు పోయేదాకా బల్ల తుడిచి, దానిమీద పాత మఖమల్ గుడ్డ పరిచింది లోర్నా. చర్చి హాల్లో పాతసామాన్ల సంతలో ముందురోజు కొన్న బ్రోచ్‌ను ఆ గుడ్డమీద పెట్టింది. చుట్టూ విట్బీ తీరంలో దొరికే నల్లరాయి, మధ్యలో గాజు, గాజు కింద చాపలా సన్నగా అల్లిన గోధుమరంగు జుట్టు. వెనకవైపు ‘మా మార్తా’ అని చెక్కి ఉంది.

“మళ్ళీ తెచ్చావూ? తిండి తినే బల్లమీద శవాల జుట్టు!” అన్నాడు ఆమె భర్త డెస్మండ్, పేపరు వెనకనుంచి. “ఏదో ఒకరోజు నా గ్రేవీలో వెంట్రుక వస్తుంది. అది నీదో, విక్టోరియా రాణి కాలపు ముసలమ్మదో తేల్చుకోలేక చస్తాను.”

ఈ మాట అతను ఎన్నిసార్లు అన్నాడో. చుట్టాల ముందు అంటాడు, పబ్బులో స్నేహితుల ముందు అంటాడు. అందరూ నవ్వుతారు. లోర్నా కూడా నవ్వుతుంది. నవ్వకపోతే ‘పాపం దీనికి హాస్యం తెలీదు’ అంటాడని. అత్తగారు ఎడ్నా బతికున్నన్నాళ్ళూ మరో రకంగా అనేది: “ఊళ్ళోవాళ్ళ చావులన్నీ ఇంటికి మోసుకొస్తావేమే? చేతబడి చేసేదానిలా!” ఆవిడ మంచాన పడ్డాక రోజూ పొద్దున్నే తల దువ్వి, జడ అల్లి, ఒంటికి గుడ్డలు మార్చి, ఆ తర్వాతే లోర్నా బడి వంటింట్లో పనికి పరిగెత్తేది. దువ్వుతుంటే ఆవిడ లోర్నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “నేను పోయాక నా జుట్టు మాత్రం ముట్టుకోకు” అంది ఒకసారి. ముట్టుకోలేదు. బడి వంటింట్లో పెద్దావిడ మాత్రం తక్కువ తిన్నదా? పండగ సెలవులు వచ్చినప్పుడల్లా, “నీకేమమ్మా, పిల్లాజెల్లా లేరు, ఇంట్లో పనేముంటుంది? వంటిల్లు కడిగే డ్యూటీకి నువ్వే రా” అనేది. లోర్నా వెళ్ళేది. ఇంట్లో పని ఉందా లేదా అని వాదించడానికి, ముందు ఆ ‘పిల్లాజెల్లా లేరు’ అన్న మాట దాటాలి. అది దాటడం ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు.

లోర్నాకూ ఒకప్పుడు పాప పుట్టింది. ఏడవలేదు. నర్సు చేతుల్లో తెల్లగుడ్డ చుట్టిన మూట ఒకటి గదిలోంచి బయటికి పోవడం, అంతవరకే లోర్నా చూసింది. “చూడకపోవడమే మంచిది, తొందరగా మరిచిపోతారు” అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చేసరికి ఉయ్యాల లేదు, అల్లిన చిన్న స్వెట్టర్లు లేవు. పాపకోసం పసుపురంగు వేసిన గదిలో డెస్మండ్ చేపలగాలాలు నిలబెట్టి ఉన్నాయి. అంతా అత్తగారు సర్దేసింది. మూడోరోజు పాలు పొంగి గౌను తడిస్తే, ఆవిడే బిగించి కట్టుకట్టి, చేతికి కత్తీ బంగాళాదుంపల గిన్నే ఇచ్చింది. “కూచుంటే మనసు కుళ్ళుతుంది. తొక్కలు తియ్యి. ఇక ఆ ఊసు ఈ ఇంట్లో వద్దు.” ఆ ఊసు మళ్ళీ రాలేదు. మరో కడుపూ రాలేదు. ముప్పై ఏళ్ళు దాటిపోయాయి.

ఆ తర్వాతే ఎక్కడో సంతలో మొదటి లాకెట్ కంటబడింది. ఎవరో తల్లి, ఎవరో బిడ్డ. గాజు కింద జుట్టు అలాగే ఉంది, మెరుస్తూ. ఒళ్ళు మట్టిలో కలిసిపోయినా జుట్టు చెడదని ఆ దుకాణదారు చెప్పింది. వెనకటివాళ్ళు ఏడుపును దాచుకోలేదు. పోయినవాళ్ళ జుట్టును మెళ్ళో వేసుకుని వీధుల్లో తిరిగారు. లోర్నాకు వాళ్ళమీద అసూయ పుట్టింది. అప్పటినుంచీ తన జీతంలో మిగుల్చుకున్నదంతా ఇలాంటివాటికే పోసింది.

ఆ ఆదివారం సాయంత్రం యార్క్ నుంచి ఫిలిప్పా వచ్చింది. ఆవిడా ఇలాంటివే సేకరిస్తుంది, లోర్నా దగ్గరున్నవాటిని కలిపి చిన్న ప్రదర్శన పెడదామని ఆవిడ ఆలోచన. లోర్నా స్కోన్ రొట్టెలు చేసి, జామ్ తీసి, మంచి కప్పుల్లో టీ పోసింది. డెస్మండ్ పేపరు పక్కన పడేసి, విన్నవాళ్ళు దొరికారు కదా అని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“అసలు ఇవి కూడబెట్టడం ఎలా మొదలైంది మీకు?” అని అడిగింది ఫిలిప్పా.

లోర్నా నోరు తెరిచేలోపే, “దీనికా? చిన్నప్పుడు బొమ్మలు కొనిపెట్టినట్టు లేరు!” అన్నాడు డెస్మండ్.

ఫిలిప్పా మర్యాదకి నవ్వి, గోరంత లాకెట్ ఒకటి చేతిలోకి తీసుకుంది. “ఇది పసిబిడ్డది కదూ? ఎంత పల్చగా ఉందో!”

“ఆఁ, నాకూ ఒకసారి ఇలాంటి జుట్టు ఇచ్చారులెండి,” అన్నాడు డెస్మండ్, స్కోను మీద జామ్ రాస్తూ. “మాకూ ఒకటి పుట్టింది, చచ్చి పుట్టింది. నర్సు పిల్ల వరండాలో నా వెంటపడి, కవర్లో పెట్టి చేతిలో కుక్కింది. కుచ్చు జుట్టు, చిన్న రిబ్బను కట్టి. ‘మీ ఆవిడకివ్వండి’ అంటుంది. ఏం చేసుకోను? దీని కంటబడితే ఇక ఏడుపు ఆగుతుందా? మా అమ్మ కూడా వద్దంది. బస్టాపు దగ్గర చెత్తబుట్టలో పడేశాను.”

ఫిలిప్పా చేతిలోని లాకెట్ మెల్లిగా గుడ్డమీద పెట్టేసింది.

లోర్నా చెయ్యి టీకెటిల్ మీద ఉంది. ఇన్నేళ్ళలో పాప జుట్టు గురించి తను ఊహించుకోనిది లేదు. బంగారురంగనుకుంది, అత్తగారి వైపు ఎర్రజుట్టనుకుంది, అసలు జుట్టే లేదేమో అనుకుని సమాధానపడిన రోజులూ ఉన్నాయి. ఆ ముక్క తెలిసిన మనిషి ప్రతి రాత్రీ తన పక్కనే పడుకుని గురకపెట్టాడు.

“నల్లగా ఉందా?” అంది.

“ఏంటీ?”

“జుట్టు. ఏ రంగు?”

“నల్లదే. నీలాగే ఒత్తుగా. ఇంకాస్త టీ ఉందా?”

చెయ్యి అలవాటు కొద్దీ టీ పోసింది. అతని కప్పు నిండింది, పాలు పడ్డాయి, చెంచా తిరిగింది. అంత మాట విన్నాక కూడా పోసిన ఆ చేతిమీద ఆమెకు మొదటిసారి అసహ్యం వేసింది. ఫిలిప్పా తొందరగా లేచింది. గుమ్మం దగ్గర లోర్నాను గట్టిగా వాటేసుకుని వెళ్ళిపోయింది.

“ఆవిడ ముందు అలా మొహం పెట్టావేంటి?” అన్నాడు డెస్మండ్ వంటింటి గుమ్మంలో నిలబడి. “నీ మంచికేగా చేశాను.”

“పాపని ఎక్కడ పెట్టారు?”

“ఆసుపత్రివాళ్ళే చూసుకుంటామన్నారు. అమ్మ సంతకం పెట్టమంది, పెట్టాను. నేనడగలేదు. ఇప్పుడెందుకవన్నీ?”

“నువ్వు అడగలేదు,” అంది లోర్నా. అతను అప్పటికే ముందుగదిలోకి పోయి టీవీ పెట్టేశాడు.

సోమవారం ఆమె బడికి రానని చెప్పేసింది. ఊరి శ్మశానవాటిక ఆఫీసుకు ఫోన్ చేసింది. ఇన్నేళ్ళూ అది చెయ్యొచ్చని కూడా ఆమెకు తోచలేదు, తోచకుండా చేశారు. గురువారం రమ్మన్నారు. డెస్మండ్‌కు మధ్యాహ్నం తిండి చేసిపెట్టకుండానే బస్సెక్కింది.

ఆఫీసులో ఉన్న నడివయసు మనిషి పేరు జాయిస్. గొడుగు తీసుకుని తోడు నడిచింది. సముద్రం వైపు గోడవార పచ్చగడ్డి. “అప్పట్లో ఇలాంటి పిల్లల్ని కొందర్ని కలిపి ఒకేచోట పెట్టేవాళ్ళండీ. మీ పాప ఇక్కడే,” అంది. గుర్తుగా ఒక రాయి కూడా లేదు. లోర్నా చినుకుల్లోనే మోకాళ్ళమీద కూచుని గడ్డిని అరచేత్తో నిమిరింది, తల నిమిరినట్టు. ఏడుపు వచ్చింది. ఎవరూ బంగాళాదుంపలు ఇవ్వలేదు. అయ్యేదాకా ఏడ్చింది.

“చిన్న పలకరాయి పెట్టుకోవచ్చండీ, చాలామంది పెడుతున్నారు,” అంది జాయిస్, ఆమె లేచాక. “పేరేమైనా అనుకున్నారా?”

“థియా.” ఆ పేరు లోర్నా బయటికి అనడం అదే మొదటిసారి.

“మా దగ్గర ‘మిసెస్ హార్లండ్ బిడ్డ’ అని ఉంది. థియా హార్లండ్ అని చెక్కించమంటారా?”

“వద్దు,” అంది లోర్నా, మోకాళ్ళమీది మట్టి దులుపుకోకుండానే. “ఆ ఇంట్లో దాని వెంట్రుక కూడా మిగలనివ్వలేదు, ఆ ఇంటిపేరు దానికెందుకు? థియా వెదరిల్ అని చెక్కండి. అది నా పుట్టింటి పేరు. నాకు కూడా ఇవాళ్టినుంచీ అదే.”