పిడి మీద మూడు గాట్లు

రేవు పక్కనున్న మ్యూజియానికి కూతురితో వెళ్లాను. అక్కడ అద్దాల పెట్టెలో మా నాన్న కొక్కెం కనిపించింది. బస్తాలు మోసే కూలీలు ఎవరి కొక్కెం వాళ్లు గుర్తుపట్టడానికి పిడి మీద గాట్లు పెట్టుకునేవాళ్లు. నాన్నవి మూడు. ఆయన నడుం పడిపోయాక నేను బడి మానేసి, రేవు గోదాము మూసేదాకా దాంతోనే పనిచేశాను. మూసిన రోజు అది అక్కడే ఉండిపోయింది.

పెట్టెలోని చీటీ మీద "చేపలు లాగే కొక్కెం. పిడి పాడైంది" అని రాసుంది.

గైడును పిలిచాను. "బాబూ, ఇది బస్తాలది. ఆ గాట్లు మా నాన్న కత్తితో పెట్టినవి."

"పెద్దాయనా, అది రాసింది డాక్టరేట్లు చేసినవాళ్లు. మీరేం చదివారేంటి?"

"ఐదు."

వెనకున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. కూతురు నా మోచెయ్యి పట్టి లాగింది. "పరువు తీయకు నాన్నా. నీకు తెలిసింది వాళ్లకు తెలీదా?"

కాలేజీలో ఏదో రాసివ్వాలట. చీటీలో ఉన్నది ఉన్నట్టే నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంది. "పాడైంది" అన్న మాట కింద గీత కూడా గీసింది.

అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. వాటిని దిద్దించింది ఆ కొక్కెమే.