పెన్సిల్ రాతలు

అప్పు మాఫీ అయ్యే నెల కోసం తారా నాలుగేళ్లు ఎదురుచూసింది. తీరా ఆ నెల వచ్చాక, మాఫీ కాకపోవచ్చని మిర్యాలగూడ నుంచి ఫోను వచ్చింది.

పెళ్లికో ఇంటికో చేసిన అప్పు కాదది. సూర్యాపేట కాలేజీలో నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పాలంటే పైచదువు కావాలి, దానికోసం చేసింది. మిర్యాలగూడలో ఒక ట్రస్టు ఉంది. నర్సులు దొరుకుతున్నారు గానీ నర్సులను తయారుచేసే టీచర్లు దొరకడం లేదని, అలాంటి చదువు చదివేవాళ్లకు అప్పిస్తుంది. చదువయ్యాక నాలుగేళ్లు ఈ చుట్టుపక్కలే పాఠం చెబితే అప్పంతా మాఫీ. మధ్యలో మూడు నెలలకు మించి పాఠం మానితే మాత్రం మొత్తం కట్టాలి. దానికి జామీనుగా తారా తండ్రి హర్యా పెన్‌పహాడ్ దగ్గరి తండాలో ఉన్న తన రెండెకరాల మెట్ట చెలక కాగితం పెట్టాడు. వేలిముద్ర వేసేముందు ఒక్కటే అడిగాడు, అదీ ట్రస్టు గుమాస్తాకు అర్థం కావాలని, ఇంట్లో మాట్లాడే లంబాడీలో కాకుండా తెలుగులోనే అడిగాడు.

"పాఠం చెప్పుడేనా బిడ్డా? అయితే నా చెలక యాడికి పోదు."

ఫోను చేసింది ట్రస్టు కాగితాలు చూసే గోవర్ధన్ సారు, రిటైరైన హెడ్మాస్టరు. మనిషి మంచివాడే, కానీ కాగితం మీద లేనిది లోకంలో లేదనే రకం.

"మేడం, మూడో ఏడుల నాలుగు నెలలు మీ కాలేజి హాజరుల మీ పేరు లేదు. దవాఖాన రిజిస్టర్ల నర్సుల గడిల సంతకాలున్నయి. నర్సు పని చేస్తే పాఠం చెప్పినట్టు ఎట్లయితది? చెప్పినట్టు ఏమన్న ఉంటే ముప్పై తారీఖు లోపల చూపెట్టున్రి."

తప్పు ఇంకెవరి మీదా వేయడానికి లేదు, తారాదే. ఆ ఏడు చివరి సంవత్సరం పిల్లలు పద్దెనిమిది మందిని వార్డు పని నేర్పించమని కాలేజీ ఆమెతో మిర్యాలగూడలోని ఒక ప్రైవేటు దవాఖానకు పంపింది. అక్కడి రిజిస్టర్‌లో డాక్టరుకు గడి ఉంది, నర్సుకు ఉంది, ఆయాకూ ఉంది. టీచరుకు లేదు. సంతకమే కదా, ఎక్కడ పెడితే ఏమిటని తారా నర్సుల గడిలో పెట్టింది. సంతకం అంటే ప్రాణం పెట్టే మనిషి అలా అనుకోవడమే వింత.

ఆ పట్టింపు ఆమెకు అరుంధతి మేడం దగ్గర అబ్బింది. తారా నర్సింగ్ చదివిన రోజుల్లో అరుంధతి మేడం అంటే వార్డంతా సర్దుకునేది. ప్రతి పిల్లకూ ఒక ప్రొసీజర్ పుస్తకం ఉంటుంది. సూది వేసినా, కట్టు కట్టినా అందులో రాసుకోవాలి, పక్కన టీచరు సంతకం పెట్టాలి. మిగతా టీచర్లు శనివారం పుస్తకాలన్నీ కుప్పపోయించుకుని టీ తాగుతూ సంతకాలు గిలికేసేవారు. అరుంధతి మేడం వరుసగా మూడుసార్లు చేయి వణక్కుండా చేస్తేనే పెన్ను తీసేది. అంతవరకూ అంచున పెన్సిల్‌తో తేదీ వేసి ఒక ముక్క రాసేది.

"సంతకం అంటే నేను చూశానని అర్థం తల్లీ. చూడనిది చూశానని ఎలా రాస్తాను?" అనేది కోదాడ యాసలో.

తారా టీచరయ్యాక అదే పద్ధతి పట్టింది. పిల్లలు ఏడ్చారు, తిట్టుకున్నారు, నేర్చుకున్నారు.

తారా అక్కడ పాఠమే చెప్పిందని రాసివ్వగల ఆనాటి ప్రిన్సిపాల్ వెళ్లిపోయాడు. కొత్తాయన తాను చూడనిది రాసివ్వనన్నాడు. అరుంధతి మేడం శిష్యురాలిగా తారా ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయింది. పద్దెనిమిది మందికీ ఫోన్లు చేసింది. కొందరు హైదరాబాద్‌లో, కొందరు దుబాయ్‌లో ఉన్నారు. పుస్తకం ఏ అటక మీద ఉందో ఎవరికీ తెలియదు. ఉందన్నది ఇద్దరే, కోదాడలో పూజ, మిర్యాలగూడలో జ్యోతి. ముప్పయ్యో తారీఖు పొద్దున్నే తారా ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని కోదాడ బస్సెక్కింది.

పూజ ఆ బ్యాచ్‌లో ఫస్టు. కోదాడ నర్సింగ్ హోమ్‌లో ఇప్పుడు నలుగురి మీద పెద్ద. మేడంను చూడగానే కుర్చీ తుడిచింది, టీ తెప్పించింది, పుస్తకం తెచ్చింది. అట్ట నలగలేదు, పేజీ మడత పడలేదు. తారా ఆశగా తిప్పింది. సంతకాలున్నాయి, కానీ అన్నీ ఆఖరి రెండు వారాలవే. ముందరి మూడున్నర నెలలూ అంచులు తెల్లగా ఉన్నాయి.

"పెన్సిల్ రాతలేమైనయ్ పూజా?"

"ఎగ్జామినర్ చూస్తే బాగోదని రబ్బరుతో చెరిపేశాను మేడం. అందరం చెరిపేశాం."

తారా టీ గ్లాసు కింద పెట్టింది. విషయం విన్న పూజ లేచి తలుపు దగ్గరికి వేసింది.

"మేడం, నేనొకటి చెప్తాను, కోప్పడకండి. ఈ ఖాళీల్లో ఇప్పుడు సంతకాలు పెట్టేయండి. పాత తారీఖులు నేనేస్తాను. చేసింది నిజమే, మీరు పక్కనున్నదీ నిజమే. ఇందులో అబద్ధం ఏముంది?"

పెన్ను తారా చేతిలోకి వచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆమె మూత కూడా తీసింది. ఇరవై సంతకాలు పెడితే రెండెకరాల చెలక నిలబడుతుంది. కళ్ల ముందు తండ్రి బొటనవేలు, దానికంటిన నీలం సిరా కదిలాయి. ఆ వెనకే, చూడనిది చూశానని ఎలా రాస్తానన్న గొంతు వినబడింది. చూసింది నిజమే. కానీ ఆనాడు ఇది చాలదని ఆపిన సంతకం. ఇవాళ అవసరం తనది గనుక చాలిందని పెడితే, ఆ పిల్లలను ఏడిపించిన రోజులన్నీ ఉత్తవైపోతాయి. మూత పెట్టేసింది.

"వద్దు పూజా. నీ మంచితనం నాకు తెల్వదా. కానీ వద్దు."

మిర్యాలగూడ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కాలువల కింద నాట్లు పడి పచ్చగా ఉంది. తారాకు తన సొంత పుస్తకం గుర్తొచ్చింది. అందులో అరుంధతి మేడం రాతలు ఎన్ని ఉండేవో. 'ఈ పిల్ల భయపడుతుంది. భయం ఉన్న చేయి రోగిని నొప్పించదు' అని ఒకచోట రాసింది. పరీక్ష ముందురోజు హాస్టల్ మెట్ల మీద కూర్చుని, వాటన్నిటినీ ఒక్కటి మిగలకుండా చెరిపింది తారాయే. పోయిన ఏడు మేడం కాలం చేసింది. ఇప్పుడు మేడం లేదు, మేడం రాతా లేదు. పూజను ఏ నోటితో అంటుంది? బస్సులో పక్కనున్న ముసలామె "ఏమైంది బిడ్డా" అని అడిగేదాకా తాను ఏడుస్తున్నట్టు తారాకు తెలియలేదు.

జ్యోతి మీద ఆమెకు పెద్ద ఆశ లేదు. రైసుమిల్లు హమాలీ జంగయ్య కూతురు. వార్డులో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది, ఒకసారి తప్పి మళ్లీ రాసి పాసైంది. అప్పుడు నేర్చుకున్న దవాఖానలోనే ఇప్పుడు ఉద్యోగం. మేడం వచ్చిందని తెలిసి వార్డులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బియ్యం సంచి కత్తిరించి అట్ట వేసిన పుస్తకం ముందు పెట్టింది.

మొదటి పేజీ తిప్పగానే తారా చేయి ఆగిపోయింది. అంచు నిండా పెన్సిల్ రాతలు.

'జూలై 8. చేయి వణికింది. మళ్లీ.'

'జూలై 11. సూది సరే. ముసలమ్మ పేరు అడగలేదు. పేరు అడగకుండా చేయి పట్టుకోకు.'

'ఆగస్టు 21. ఏడ్చింది. టీ తాగించాను. రేపు మళ్లీ.'

సెప్టెంబర్, అక్టోబర్. ఒక్క వారం తప్పలేదు.

"నువ్వు చెరపలేదా?"

"చెరిపితే నాకేం మిగుల్తది మేడం? సంతకాలా, లేకపాయె. ఉన్నయే ఇవి." జ్యోతి నవ్వింది. "కొత్తగ వచ్చినోళ్లకు ఇవే సదివి సెప్త. గా ముసలమ్మ పేరు అడుగుడు గురించి అయితే రోజు సెప్త. ఇగో, పుస్తకం మళ్ల నాకియ్యాలె, ఆడనే పెట్టి రావద్దు."

గోవర్ధన్ సారు ట్రస్టు ఆఫీసులో ఆ పుస్తకాన్ని ముందు అనుమానంగానే తీసుకున్నాడు. తారా పాత దరఖాస్తు తీయించి చేతిరాత పోల్చుకున్నాడు. తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఆగస్టు 21 దగ్గర ఆగాడు.

"సంతకాలు తక్కువున్నయి గద మేడం. అన్ని గీ పెన్సిల్ రాతలే."

"సంతకం పరీక్ష కోసం సార్. పాఠం గదే."

"టీ తాగిపిచ్చుడు గుడ పాఠమేనా?"

"ఆ దినం అదే పాఠం సార్."

ముప్పై ఏళ్లు బడిలో ఎర్ర సిరాతో తప్పులు దిద్దిన మనిషి. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, జ్యోతి పుస్తకంలోని పేజీలన్నీ జిరాక్సు తీయించి ఫైల్లో పెట్టాడు. మాఫీ కాగితం మీద ముద్ర వేశాడు. చెలక కాగితం కవరులో పెట్టి రెండు చేతులతో ఇచ్చాడు.

మెట్లు దిగుతూ తారా తండాకు ఫోను చేసింది.

"చెలక యాడికి పోలే బాపూ."

"నేను అప్పుడే చెప్పిన గద," అన్నాడు హర్యా, అదేదో తనకు ముందే తెలిసినట్టు.

దవాఖానకు తిరిగి వెళ్లేసరికి జ్యోతి ఇంకా డ్యూటీలోనే ఉంది. పుస్తకం తీసుకుని ఒక పేజీ తెరిచి నీళ్లు నమిలింది. సెలైన్ సూది పేజీ అది. దాని మీద పెన్సిల్ రాతలు ఏడు, సంతకం మాత్రం లేదు.

"ఇదొక్కటి రాలే మేడం. మూడోసారికి మీరు కాలేజికి పోయిన్రు. పాత తారీఖు వద్దు. ఇయ్యాల్టిదే ఏయండి."

"చెయ్యి, చూస్తా," అంది తారా.

నాలుగో మంచం మీద ఒక ముసలామెకు సెలైన్ పెట్టాలి. జ్యోతి పక్కన కూర్చుని ముందు పేరడిగింది. లింగమ్మ అని చెప్పిందామె. ఊరు అడిగింది, త్రిపురారం అంది. ఈసారి నాట్లు ఎట్ల పడ్డయని అడుగుతూ అడుగుతూనే సూది దించింది. లింగమ్మ నాట్ల సంగతి చెబుతూనే ఉంది. సూది దిగినట్టు ఆమెకు తెలియనే లేదు.

తారా పెన్ను తీసి పేజీ మీద సంతకం పెట్టింది. 'తారా' అన్న రెండక్షరాలు పెట్టడానికి చాలాసేపు పట్టింది, అదీ వంకరగా వచ్చింది.

జ్యోతి ఆ సంతకాన్ని చూసింది, మేడం ముఖం చూసింది. జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి, అంచున తేదీ వేసి రాసింది.

'చేయి వణికింది. టీ తాగించాలి.'