నీటి పద్దు కోసం ఎవరూ ఫోన్ చేయలేదు

రోడ్ల పద్దు మీద గీత పడీ పడకముందే ఫోన్ మోగింది, కబురు ఎవరు మోసుకుపోతారో ఏమో, గోడలకు చెవులుంటాయంటారు గానీ ఈ బడ్జెట్ ఆఫీసు గోడలకు కాళ్ళు కూడా ఉన్నట్టున్నాయి అనుకుంది ఆమె, పైఅధికారి వెంటనే రబ్బరుతో గీత చెరిపేశాడు, ఆయన పద్ధతే అంత, ముందు కొట్టెయ్యి, భోజనాల వేళదాకా చూడు, ఎవరూ ఫోన్ చెయ్యకపోతే ఆ ఖర్చు అక్కర్లేదన్నమాట, అడగందే అమ్మయినా పెట్టదమ్మా అంటాడు, నది నీళ్ళ శుద్ధి పద్దు మీద ఆమె చేతే గీత కొట్టించి చాలాసేపయింది, ఫోన్ మీద ఈగ వాలింది, అంతే.

పోయినేడు దేశ ఆర్థిక వృద్ధి జోరుగా ఉంది, పరుగెత్తే గుర్రానికి కళ్ళెమెందుకని ఈ పద్దునే సగం చేశాడు, ఈ ఏడు వృద్ధి పడిపోయింది, ముందు దేశాన్ని కోలుకోనీ, నది ఎక్కడికి పోతుంది అంటున్నాడు, నిజమే, ఎక్కడికీ పోదు, దిగువ ఊరి కుళాయిల్లోకే పోతుంది, ఆ ఊరి శుద్ధి కేంద్రంలోనే ఆమె తమ్ముడు ఫిట్టరు, పోయినేడు డబ్బు చాలక యంత్రాలు ఆపినప్పుడు వాడి కూతురు వాంతులతో ఆసుపత్రిలో పడింది, చేతికి సెలైను, పెదవులు ఎండిపోయి, అత్తా ఇంటికెళ్దాం అంది, ఆ సెలైను అమ్మకం, ఊరంతా కొన్న సీసా నీళ్ళ అమ్మకం, అన్నీ వృద్ధి పట్టికలో కూడికలే, పట్టిక వేసింది తనే, లెక్క ఎక్కడా తప్పు పోలేదు.

ఏమ్మా, మీ నది ఏమైనా మాట్లాడిందా, పైఅధికారి క్యారేజీ మూత తీస్తూ నవ్వాడు, లేదు సార్ అంది, నవ్వకపోతే బాగుండదని తనూ నవ్వింది, తమ్ముడికేం రోగం, ఈ వేళే కోతలని వాడికి తెలుసు కదా, శుద్ధి కేంద్రం నుంచి వాడొక్కడు ఫోన్ చేసినా చాలు, ఎవరో అడిగారని చెప్పి గీత చెరిపించొచ్చు, మొహమాటపు వెధవ, మొన్న తన ఇంటికొచ్చినప్పుడు మరదలు వాణ్ణి పోరుతూనే ఉంది, పై ఆఫీసుకి ఒక్క ఫోన్ కొట్టండి, మళ్ళీ పిల్లని ఆసుపత్రికి మోసుకెళ్ళడం నా వల్ల కాదు అని, వాడు చెప్పులు వేసుకుంటూ ఏదో అన్నాడు, కుళాయి చప్పుడులో వినపడలేదనుకుంది, లేదు, వినపడింది, ఫోనెందుకే, అక్కడ మా అక్క ఉందిగా అన్నాడు, అందుకే ఈ ఫోన్ మోగదు, అడగాల్సిన మనిషి ఈ కుర్చీలోనే కూర్చుని ఉంది.