డెరిమోరకు పదిహేనో మనిషి

ఉత్తరం వచ్చిందన్న కేక వినేసరికి నా ఏప్రన్ జేబులో ఏడు కోడిగుడ్లున్నాయి. నాకు పెళ్లయి అప్పటికి అయిదు వారాలు. గూట్లో చెయ్యి పెట్టి వెచ్చటి గుడ్డు తీయడంలో ఇంత ఆనందం ఉంటుందని కాలేజీలో నాకెవరూ చెప్పలేదు.

బార్ట్లీ మా పోస్ట్‌మాన్, కర్రలతో బంతాట ఆడే మా హర్లింగ్ జట్టుకు కార్యదర్శి కూడా. తన పేరు మీద వచ్చిన ఉత్తరాన్ని తనే మోసుకొచ్చాడు. సైకిలు దిగకుండా గోడకు కాలు ఆన్చి, "ఆటల సంఘం వాళ్లు ఒప్పుకున్నారర్రా. ఈ ఏడాదికి మన జట్టు మనదే" అన్నాడు.

మా ఆయన మలకీ పొలంలోంచి గోడ దూకి పరిగెత్తుకొచ్చాడు. పోస్ట్‌మాన్ ఎదురుగానే నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఏడు గుడ్లలో రెండు మిగిలాయి.

"ఆగరా, షరతు వినలేదు నువ్వు" అన్నాడు బార్ట్లీ. "ఆదివారం పక్కూరు క్లోనగార మీద ఆడాలి. పదిహేనుమంది దిగాలి, అందరూ ఈ ఊళ్లో కాపురమున్నవాళ్లే కావాలి. ఆట చివరిదాకా సాగాలి. మన వల్ల మధ్యలో ఆగిందంటే ఇకమీదట మనం కూడా క్లోనగార జట్టే. ఏటా ఇదే షరతు."

"మనకు ఎంతమందున్నారు బాబాయ్?" అన్నాను.

"నాతో కలిపి పదముగ్గురు, టీచరమ్మా. నాకు యాభై ఎనిమిది."

మలకీ నన్ను కింద దించాడు. "క్లోనగార చొక్కా వేసుకోవాల్సి వస్తే మర్నాడే ఇంగ్లండులో కోవెంట్రీ కార్ల ఫ్యాక్టరీకి పోతాను. ఇద్దరం పోదాం."

సరదాకి అనలేదు. అతను ఊరికే ఒక మాట అనే మనిషి కాదు. నాకేమో ఈ ఇల్లే కావాలి. పొయ్యిలో కాలే ఈ టర్ఫ్ మట్టిగడ్డల పొగ, కిటికీలో పక్కపక్కన రెండు కప్పులు, తలుపు దగ్గర నా బూట్ల పక్కన బురదతో అతని బూట్లు. ఇవన్నీ దొరికి ఇంకా అయిదు వారాలే.

డెరిమోరను నేను కళ్లతో చూడకముందు లెక్కల్లో చూశాను. కాలేజీలో చరిత్ర చదివేటప్పుడు ఐర్లండ్ పాత జనాభా పుస్తకంలో ఈ పేరు తగిలింది. 1841లో యాభైమూడు ఇళ్లు, మూడువందల పన్నెండుమంది. బంగాళాదుంపలు కుళ్లిన కరువు దాటేసరికి ఇరవైతొమ్మిది ఇళ్లు. భూస్వామి మనుషులు దూలాలతో గోడలు పొడిచి కూల్చాక పద్దెనిమిది. ఇప్పుడు, 1957లో, పొగ లేచే ఇళ్లు తొమ్మిది. మా అత్తగారు హోనర్ ఇదే లెక్కను ఇంకోలా చెబుతుంది: "మా మామగారి కాలంలో ఒకడి తల పగిలితే పక్కింట్లోంచి ఇంకొకడు కర్ర పట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు తల పగిలితే అతికించుకుని మళ్లీ వాడే రావాలి."

క్లోనగార అంటే మాకు పడదు. నూటఇరవై ఏళ్ల కిందట నడివేసవి సంతలో రెండు ఊళ్లూ కర్రలతో కొట్టుకున్నాయి. మావాళ్లలో ముగ్గురిని వాళ్లు ఏట్లోకి తరిమి, ఒడ్డు పట్టుకోబోయినప్పుడల్లా వేళ్ల మీద కొట్టి ముంచేశారు. ఆ ముగ్గురి పేర్లూ మలకీకి ప్రార్థనలా కంఠస్థం.

నిజానికి కర్ర పట్టగలిగిన మగవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. గిల్‌డఫ్ అన్నదమ్ములు, కోల్‌మన్, థాడీ. నలభై దాటాయి, పెళ్లిళ్లు లేవు. పక్కపక్క ఇళ్లు, మధ్యలో మట్టిగట్టు. ఆ గట్టును తమ్ముడు ఒక అడుగు ఇటు జరిపాడని అన్న అంటాడు. పందొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఒక చలికాలం కోల్‌మన్ కుక్క ఆ గట్టు మీది చెట్టుకు ఉరికి వేలాడుతూ కనిపించింది. వారం తిరక్కుండా థాడీ ఆవులన్నిటికీ తోకలు తెగిపోయాయి.

ఆ సాయంత్రమే నేనూ మలకీ వెళ్లాం. థాడీ ఎండుగడ్డి ఎత్తే పంగలకర్రను మలకీ గుండెకు ఆనించి మాట్లాడాడు.

"వాడున్న జట్టులో నేనా? వాణ్ణి పొడవడానికి మనిషి కావాలంటే చెప్పు, ఇప్పుడే వస్తాను."

మాట పూర్తవకుండానే గట్టు అవతలనుంచి ఒక రాయి వచ్చి అతని చెవికి తగిలింది. చెవి చీలి రక్తం మెడ మీదికి కారింది. అవతల కోల్‌మన్ తన కొత్త కుక్కతో అంటున్నాడు, "షెప్, మనల్నెవరో తల్చుకుంటున్నారే."

థాడీ కూడా వంగి రాయి అందుకున్నాడు. పెళ్లి చేసుకున్నానని నా ఉద్యోగం తీసేశారు గానీ గొంతు తీసేయలేదు కదా. మూడో తరగతికి వాడే గొంతు బయటికి తీశాను.

"ఇద్దరూ రాళ్లు కింద పడెయ్యండి."

పడేశారు.

"కోల్‌మన్ మన గోల్‌లో ఉంటాడు. థాడీ అటు చివర, వాళ్ల గోల్ ముందు. మధ్యలో నూటనలభై గజాలు."

గట్టు అవతలివాడు మళ్లీ కుక్కతోనే మొదలెట్టాడు. "షెప్, టీచరమ్మను అడుగు. వాడి మొహం కనబడుతుందా?"

"కనబడదు."

"వాసన?"

"అది గాలిని బట్టి" అన్నాడు మలకీ.

చెవి తుడుచుకుంటున్న థాడీ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇంటిదాకా నేను గంతులేస్తూనే నడిచాను.

ఆదివారం ఆట మొదలైన రెండో నిమిషంలో మొదటి పన్ను రాలింది. అది మలకీది. క్లోనగార ముందువరసలో హెషన్ అని ఒకడున్నాడు, తలుపంత మనిషి. కర్ర పిడితో మలకీ మూతి మీద పొడిచాడు. మలకీ రెండు పళ్లు గడ్డిలోకి ఉమ్మి, గోడ దగ్గరున్న నా వైపు తిరిగి కన్ను కొట్టాడు. ఆ నెత్తుటి మూతితో అతను ఎంత అందంగా ఉన్నాడో చెబితే ఎవరూ నమ్మరు.

తర్వాత అతని ఎడమచేతి రెండు వేళ్లు వెనక్కి వంగిపోయాయి. వాటిని జేబురుమాలుతో పక్క వేలికి చుట్టుకుని మళ్లీ దిగాడు. బార్ట్లీ బాబాయ్ బంతి మీదికి వంగితే వాళ్లు ఆయన్నే బంతిలా కొట్టారు. మా అత్తగారు జపమాల పట్టుకుని గోడ మీద కూర్చుంది. "మోకాలి కింద కొట్టరా, రిఫరీ అటు చూస్తున్నాడు" అని మధ్యమధ్యలో చెబుతోంది. సగం ఆటకు అయిదు గోల్స్ వెనకబడ్డాం. నాకు బాధ లేదు. గెలవమని ఉత్తరంలో రాయలేదు.

ఇంకో ఇరవై నిమిషాలుందనగా హెషన్ మలకీని భుజంతో పడదోసి గోల్ మీదికొచ్చాడు. కోల్‌మన్ ఎదురెళ్లాడు. హెషన్ కర్ర బంతికి తగలలేదు, కోల్‌మన్ నుదుటికి తగిలింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. నుదుటి చర్మం ఊడి కంటి మీదికి వేలాడింది. కోల్‌మన్ వెల్లకిలా పడి కదల్లేదు.

అప్పుడు అటు చివరనుంచి థాడీ పరుగు మొదలెట్టాడు. నూటనలభై గజాలూ పరిగెత్తాడు. దారిలో ఎవరూ అతనికి అడ్డు రాలేదు. వచ్చినవాడు వచ్చినట్టే రెండు చేతులతో కర్ర ఎత్తి హెషన్ నెత్తి మీద కొట్టాడు. హెషన్ ముందు మోకాళ్ల మీద పడ్డాడు, తర్వాత మొహం మీద.

క్లోనగార జనం గోడ దూకారు. మేమూ దూకాం. కర్రలు, బూట్లు, సైకిలు పంపులు. ఒకడి పెదవి నా పక్కనే రెండుగా చీలింది. నా గొడుగు ఎవరి వీపు మీద విరిగిందో ఇప్పటికీ తెలియదు గానీ మంచి వీపే.

ఆ గోలలో కోల్‌మన్ లేచాడు. కళ్లలో రక్తం తుడుచుకుని చూశాడు. తన గోల్ ముందు గీసిన సున్నపు గీత లోపల తమ్ముడు నిలబడి ఉన్నాడు. పందొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి నేరుగా తమ్ముడితో మాట్లాడాడు.

"నా హద్దులోకి ఎవడు రమ్మన్నాడ్రా నిన్ను?"

కర్రతో తమ్ముడి మోకాలి మీద కొట్టాడు. ఆ చప్పుడుకు కొట్టుకుంటున్నవాళ్లంతా ఆగిపోయారు. థాడీ పడిపోతూ అన్న చీలమండ పట్టుకుని కొరికాడు. నలుగురు కలిసి దవడలు విప్పాల్సి వచ్చింది.

రిఫరీ తెల్లబోయాడు. "వీళ్లను వీళ్లే చంపుకుంటున్నారు. ఇంక ఆట లేదు" అన్నాడు.

బార్ట్లీ అతని ముందు మోకరిల్లాడు. "అయ్యా, అన్నదమ్ముల రక్తం, ఇంటి రక్తం. దానికి ఆటతో పనేముంది? ఇద్దర్నీ బయటికి పంపండి. పదముగ్గురితో ముగిస్తాం."

క్లోనగార నాయకుడు రక్తం ఉమ్మి నవ్వాడు. "ఆడనీండి. మాకింకా కడుపు నిండలేదు."

గోల్‌లో మలకీ నిలబడ్డాడు. కొన్ని బంతులు కుడిచేత్తో ఆపాడు, కొన్ని ఛాతీతో ఆపాడు, చాలావాటిని ఆపలేదు. పదకొండు గోల్స్ తేడాతో ఓడాం. చివరి ఈల వినబడగానే నేను ఏడ్చేశాను. రిఫరీ కాగితం మీద "ఆట పూర్తయింది" అని రాసేదాకా బార్ట్లీ అతని భుజం మీంచి చూస్తూనే ఉన్నాడు.

సాయంత్రం టీ వేళకు హోనర్ మా వంటింట్లో మలకీ వేళ్లు లాగి సరిచేసింది. విరిగిన ఎముకలు కట్టడంలో ఆమెకు మూడు ఊళ్లలో పేరు. నొప్పికి మలకీ నా భుజం కరిచాడు. ముందుపళ్లు లేవు కాబట్టి నాకేం కాలేదు. అది కూడా నాకు ముచ్చటగానే అనిపించింది.

బార్ట్లీ ఆసుపత్రినుంచి గట్టు దగ్గరి ఇళ్ల మీదుగా వచ్చాడు. "థాడీ మోకాలు మూడు ముక్కలు. నడుస్తాడట. ఆడటం మాత్రం ఇంక లేదు."

"కోల్‌మన్?"

"తలకట్టుతో ఇంట్లోనే ఉన్నాడు. తమ్ముడి ఆవుల్ని కూడా పితికాడు. పాలు తనే ఉంచుకున్నాడు."

మేం నవ్వాం. తర్వాత బార్ట్లీ వేళ్ల మీద లెక్కపెట్టాడు. వచ్చే ఏడాదికి పద్నాలుగుమందే. మలకీ కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. బస్సు ఆగేది అక్కడే. ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలుసు.

హోనర్ కట్టుగుడ్డ చివర పళ్లతో చింపింది. "ఆ హెషన్ గాడి నాయనమ్మ మన ఊరిదేరా. కొండవాలు మీద ఉత్త గోడ మిగిలిందే, ఆ ఇంటిది. పైకప్పు పీకేసిన రోజు ఒక కుండ చంకనెత్తుకుని క్లోనగార పోయింది. వాడి దవడ చూస్తే తెలీలా నీకు?"

"వాడి దవడ చూసే తీరిక నాకెక్కడిదమ్మా?"

"వాడికి సెంటు భూమి లేదు. అన్న పాకలో పశువుల పక్కన పడుకుంటాడు. మన ఊరి గోరం వాళ్లు బర్మింగ్‌హామ్ పోతూ ఇంటి తాళంచెవి నాకిచ్చి, ఎవరన్నా ఉంటే ఉండనీమన్నారు. మూడు గదులు, కారని పైకప్పు. దాంట్లో కాపురం పెడితే వాడూ ఈ ఊరివాడే."

బార్ట్లీ టీ కప్పు కింద పెట్టాడు. "హోనర్, వాడి తలకు పదకొండు కుట్లు పడ్డాయి. మనవాడే వేయించాడు."

"అయితే కదలకుండా పడుంటాడు. అడగడానికి ఇంతకంటే మంచి సమయం దొరుకుతుందా?"

మలకీ కిటికీనుంచి ఇటు తిరిగాడు. వాచిన మూతి నొప్పెట్టేలా నవ్వాడు. నా చెయ్యి అందుకున్నాడు.

"రేపు పాలు పితకగానే ఇద్దరం క్లోనగార పోదాం. నువ్వొక సోడా రొట్టె చెయ్యి. మాట్లాడేది కూడా నువ్వే. నాకు పళ్లు లేవు, పైగా వాణ్ణి చూస్తే అడగడం కంటే ముందు కొట్టాలనిపిస్తుంది."