మూడో దిమ్మ దగ్గర పోయిన కరెంటు

కాలేజీ గేటుకు ఎదురుగా నాది జిరాక్సు, టైపింగు, బైండింగు కొట్టు. గిరాకీ మెట్టెక్కుతుండగానే ఏం కావాలో చెప్పగలను. సెమిస్టరు మొదట్లో వచ్చేవాడికి నోట్సు కావాలి, చివర్లో వచ్చేవాడికి రిపోర్టు కావాలి. రిపోర్టంటే వాడు రాసింది కాదు, నా దగ్గర ఉన్నది. కంప్యూటర్లో ‘దిమ్మ’ అని ఒక ఫైలు ఉంది. పేరూ నంబరూ మారిస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఐదేళ్ళలో ఆ సరుకు ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు.

ఈసారి వచ్చింది. ఏటా కొందరే కొనేవాళ్ళు, ఈసారి క్లాసంతా కొంది; ఆ అరవై రిపోర్టులూ ఒక్కసారే వచ్చాయి. తెచ్చింది మా చెల్లెలు.

ఆమె ఆ కాలేజీలోనే ఇంజనీరింగు పిల్లలకు ఇంగ్లీషులో రిపోర్టులు రాయడం నేర్పుతుంది. అంటే మా ఇద్దరి గిరాకీ ఒకటే. ఆమె రాయడం నేర్పుతుంది, నేను రాయకుండా గట్టెక్కిస్తాను. ఈ సంగతి ఆమెకు తెలియదని నేను, నాకు కాస్తయినా సిగ్గుందని ఆమె, ఇన్నాళ్ళూ నమ్ముతూ వచ్చాం.

మధ్యాహ్నం క్లాసు కాగానే వచ్చి కట్టను కౌంటరు మీద దబ్బున పడేసింది.

“చదువు అన్నయ్యా.”

“నా ఇంగ్లీషు సంగతి నీకు తెలిసిందేగా.”

“అయితే విను. కాంక్రీటు దిమ్మల్ని మిషన్లో పెట్టి నలిపారు. మూడో దిమ్మ మీద బరువు పెంచుతుంటే కరెంటు పోయింది. ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టారు. ఇది మొదటివాడిది. రెండోవాడికీ మూడో దిమ్మ దగ్గరే పోయింది. అరవై మందికీ అక్కడే పోయింది. కరెంటు కూడా టైంటేబుల్ చూసుకుని పోతుందా?”

నాకు నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.

“నవ్వు, పరవాలేదు. ఆ మిషను పాడై ఏడు నెలలైంది. ఇప్పుడే ల్యాబు కిటికీలోంచి చూసొచ్చాను. దానిమీద ఎవరో గొడుగు ఆరేశారు.”

నేను కౌంటరు మీది కట్టను సర్దాను.

“ఆ కరెంటు ముక్క ఎవరిదో గుర్తుందా? ఐదేళ్ళ కిందట వెనక బెంచీలో కూర్చునే పిల్లది. నాలుగు వాక్యాలు రాయడానికి వణికిపోయేది. జరిగింది జరిగినట్టు రాయి, చెడిపోతే చెడిపోయిందనే రాయి అని నెలల తరబడి దాని వెంట పడ్డాను. రాసింది. క్లాసులో అందరికీ చదివి వినిపించాను. దాన్ని తెచ్చి నువ్వు సరుకు చేశావు.”

గుర్తుంది. ఆ పిల్ల బైండింగుకు తెచ్చినప్పుడు బాగుందని ఒక కాపీ అట్టేపెట్టుకున్నాను. మంచి సరుకు చేతిదాకా వస్తే వదిలే అలవాటు నాకు లేదు.

“మిషను లేకుండా రిపోర్టులు అడిగింది నేనా?” అన్నాను. “మీ పెద్దసారుని అడుగు.”

“ఆయన దగ్గరికే వెళ్తున్నాను. నువ్వూ రా. ఫైలు నీదని ఆయన ముందు చెప్పు.”

బేరీజు వేసుకున్నాను. కాలేజీ పనంతా పెద్దసారు చేతి మీదుగానే నా కొట్టుకు వస్తుంది. చెల్లెలి కోపం నాలుగు రోజులకు చల్లారుతుంది, ఆయన కోపం చల్లారదు. వెంట వెళ్ళడం, నోరు మాత్రం మెదపకపోవడం లాభమనుకుని షట్టరు సగం దించి వెళ్ళాను.

డిపార్టుమెంటు పెద్ద ఆయన. బల్లమీద అద్దం కింద సన్మానాల ఫోటోలు పరిచి ఉన్నాయి.

“ఇంగ్లీషులో తప్పులున్నాయా మేడమ్?”

“లేవు సార్.”

“మరి వాటిమీద మీ సంతకాలు పెట్టడానికేం? సోమవారం తనిఖీ వాళ్ళొస్తున్నారు.”

“పిల్లలు ఈ పరీక్ష చెయ్యలేదు సార్. చెయ్యనిది చేసినట్టు రాశారు.”

“అది మా సబ్జెక్టు. మీది భాష. వాక్యం సరిగ్గా ఉందో లేదో చూడండి, అందులో ఏముందో మీకెందుకు?”

“అందులో ఏముందో చూడకపోతే నేను నేర్పేదేంటి సార్?”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “సోమవారానికి సంతకాలు లేకపోతే వచ్చే ఏడాది మీ ఉద్యోగానికి నాది పూచీ కాదు.” తర్వాత నావైపు తిరిగాడు. “నువ్వైనా చెప్పవయ్యా. లోకం తెలిసినోడివి. నీ కొట్టుంది కాబట్టే ఆ మిషను బాగుచేయించే తలనొప్పి లేకుండా నెట్టుకొస్తున్నాం.”

చెల్లెలు తిట్టినప్పుడు రాని కోపం అప్పుడొచ్చింది. ఐదేళ్ళుగా వ్యాపారం చేస్తున్నాననుకున్నాను. ఈ ఏడు నెలలూ చేసింది వ్యాపారం కాదు, పాడైన మిషనుకు బదులు నన్ను బిగించారు. పైగా ఆయన నన్ను తనవాడి కింద జమకట్టుకున్నాడు.

“నేను చెప్పను సార్,” అన్నాను. “ఆ ఫైలు ఇకమీద మీకు అందదు.”

శనివారం ఆమె అరవై మందినీ ల్యాబుకు తీసుకెళ్ళి అటెండరు చేత తాళం తీయించింది. ఆ ముచ్చటంతా సాయంత్రం నా కొట్టు ముందు వాళ్ళే చెప్పుకున్నారు.

“పాడైన మిషను గురించి ఏం రాస్తాం మేడమ్ అన్నాన్రా. పాడైందని రాయమంది.”

“ఎప్పట్నుంచో తెలీదన్నాను. తెలీదని రాయమంది.”

“నేను గొడుగు కూడా రాయాలా అనడిగా. ఉందా అంది. ఉందన్నా. మరి రాయి అంది.”

వాళ్ళ కాగితాల్లో ఇంగ్లీషు కుంటుతోంది. కానీ ఏ రెండూ ఒకేలా లేవు. ఒకడు ముల్లు సున్నా మీద ఆగిపోయిందని, ఇంకొకడు నూనె మరక ఎంత వెడల్పుందో, ఒకమ్మాయి ప్లగ్గే లేదని రాశారు. ఆదివారమంతా కూర్చుని ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేశాను. మధ్యలో పెద్దసారు ఫోను చేశాడు.

“అవి బైండు చెయ్యకు. చేస్తే మా పని ఇంకో కొట్టుకు పోతుంది.”

“పోనివ్వండి సార్.”

సోమవారం పొద్దున్నే చెల్లెలు వచ్చింది. కట్ట అందిస్తూ, “ఫైలు తీసేశాను,” అన్నాను, మెచ్చుకుంటుందేమోనని.

“నువ్వు చెప్తే నేను నమ్మాలా? రాసివ్వు. ఏం చేశావో, ఎన్నేళ్ళు చేశావో. తెలుగులోనే రాయి.”

నిలబడే రాశాను. ‘ఐదేళ్ళు అమ్మాను. ఎంతమందికో తెలియదు. ఎవరికీ చెడు చేసే ఉద్దేశం లేదు. నిన్న తీసేశాను.’ చదివి, ఎర్రపెన్ను తీసి మూడో వాక్యం కొట్టేసింది. పక్కన సంతకం పెట్టమని కాగితం నా ముందుకు తోసింది. పెట్టాను. కట్ట అడుగున అరవై ఒకటోదిగా దాన్ని పెట్టుకుని గేటు లోపలికి వెళ్ళింది.

నాలుగింటికి తిరిగొచ్చింది. తనిఖీ వాళ్ళు గొడుగు రిపోర్టు చదివి ల్యాబు చూపించమన్నారట. తాళంచెవి కనబడటం లేదని పెద్దసారు అన్నాడట. తాళంచెవి అటెండరు జేబులో ఉందని చెప్పింది మా చెల్లెలేనట.

“మరి నీ ఉద్యోగం?”

“వచ్చే ఏడాది అక్కర్లేదన్నాడు. బయట వరండాలో, వాళ్ళకి వినబడకుండా.”

“నా పని కూడా పోయింది,” అన్నాను.

“నీది పోవాల్సిందే,” అని స్టూలు లాక్కుని కూర్చుంది. “తెల్లకాగితాలివ్వు. వరండాలో ఏమన్నాడో మరిచిపోకముందే రాయాలి.”

కాగితాలిచ్చాను. ఆమె రాస్తున్నంతసేపూ నావైపు చూడలేదు.