నీళ్ల కోసం ఎత్తిన చెయ్యి

2019 జూలై 28, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. వికారాబాద్‌లో ముసురు అప్పుడే తెరిపిచ్చింది. పడమటి గాలి మాత్రం తగ్గలేదు. ఫంక్షన్ హాలు వెనక వరండాలో నిరోషా నలుగురికి సరిపడా చాయ్ ఫ్లాస్కులో పోసి మూత బిగించి, ఆ చేతులతోనే డ్రమ్ముల మరలు బిగించడానికి స్టేజీ ఎక్కింది. ఇంకో గంటన్నరలో ఆమె వాటి వెనక కూర్చోవాలి. గోడ మీది పోస్టరులో మూడు ఫొటోలున్నాయి: గిటారు చంద్రకాంత్, బేస్ గిటారు బాల్‌రాజ్, గాత్రం మల్లేశ్వర్. డ్రమ్స్ అన్న మాటే లేదు.

దీనికంతటికీ కారణం ఆషాఢం. ఆమె భర్త చంద్రకాంత్ ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా నడుపుతున్నాడు; ఇటు వికారాబాద్‌లోనూ అటు తాండూరులోనూ మంచి పేరుంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు. ఆ ఖాళీలో, ఇన్నేళ్లూ పరాయివాళ్ల పాటలే వాయించామన్న దిగులు ముగ్గురు మగవాళ్లనూ పట్టుకుంది. సొంతంగా పాటలు కట్టి, గిటార్లు, డ్రమ్ములు దద్దరిల్లే హార్డ్ రాక్ వాయించాలనుకున్నారు. బృందానికి నాపరాయి అని పేరు పెట్టుకున్నారు. అయితే డ్రమ్మరు మొగులప్ప పెళ్లిళ్లు లేని నెలల్లో కరణ్‌కోటకు, సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టుకు పోతాడు. అందువల్ల నిరోషా గుర్తుకొచ్చింది.

ఆమె తండ్రి యాకోబు తాండూరు చర్చిలో డ్రమ్స్ వాయించేవాడు. పదేళ్లకే కూతురి చేతికి కర్రలిచ్చాడు. పెళ్లయ్యాక ఆ చేతులకు ఆర్కెస్ట్రా కోట్ల ఇస్త్రీ, వైర్ల చుట్టలు, టిఫిన్ గిన్నెలు వచ్చాయి. “ఆడిది గా డబ్బలు కొడితే ఇంటికేం అందమే?” అని అత్త భాగమ్మ అన్నప్పుడు చంద్రకాంత్ నవ్వాడు. ఆ నవ్వు తర్వాత పద్దెనిమిదేళ్లు ఆమె కర్రలు ముట్టలేదు. ఇప్పుడు అతనే, “జర టైం తప్పకుండ కొట్టు, గంతే. పాట సంగతి మేం చూసుకుంటం,” అన్నాడు.

తాండూరులో మల్లేశ్వర్ బావమరిదికి బండల పాలిష్ షెడ్డు ఉంది. ఆదివారాలు మిషన్లు ఆగుతాయి. మూడు ఆదివారాలు ఆ తడి తెల్లబురద మీద చెక్కలు పరుచుకుని సాధన చేశారు. రెండో ఆదివారం నిరోషా, చిన్నప్పుడు విన్న పాలిష్ మిషను చప్పుడును తలచుకుంటూ, బరువుగా తిరిగి తిరిగి బండ అతుకు దగ్గర ఒక్కసారి తడబడే ఆ నడకను డ్రమ్ముల మీదికి తెచ్చింది. ముగ్గురూ వాయించడం మానేసి విన్నారు.

“వదినా, గిదే ఉంచు. గీ దెబ్బ మీదనే పాట నిలవడ్తది,” అన్నాడు మల్లేశ్వర్.

“నేను గూడ గదే అనుకుంటున్న,” అన్నాడు చంద్రకాంత్. తర్వాత ఆమెతో, “శ్రావణం వచ్చేలోపల మొగులప్పకు నేర్పియ్యి. పెళ్లిళ్లల్ల పనికొస్తది. చాయ్ వొయ్యి ఇగ,” అన్నాడు.

పెళ్లిలో పాట ఎప్పుడు ఆగాల్సి వస్తుందో ఎవరికీ తెలియదు; పంతులు మంత్రం అందుకోవచ్చు, పెద్దమనిషి మైకు అడగొచ్చు. చంద్రకాంత్ కుడి చెయ్యి ఎత్తితే అందరూ ఉన్నచోటే ఆగిపోతారు. ఆ చెయ్యి ఇంట్లోనూ లేస్తుంది. నిరోషా ఏదైనా చెబుతుండగా లేస్తుంది. ఆమె మాట సగంలో తెగిపోతుంది. అలా తెగిన మాటలను ఆమె మర్నాడు పొద్దున అంట్లు తోముతూ, వినేవాళ్లెవరూ లేని వంటింట్లో, ఒక్కొక్కటే పూర్తి చేసుకునేది. అవతలి మనిషి ఏమంటాడో అది కూడా తనే అనుకునేది. క్రమంగా ఆ సంభాషణలే ఆమెకు కాపురమయ్యాయి.

ఆరింటికి హాలులో డెబ్భై మంది దాకా ఉన్నారు. మూడో పాట నిరోషా నడకతో మొదలయ్యేది. మధ్యలో గిటారుకు కాస్త విరామం ఉంది. అక్కడ చంద్రకాంత్‌కు గొంతెండింది. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ స్టేజీ పక్కకు తిరిగి, నీళ్ల సీసాతో భార్య ఎప్పుడూ నిలబడే చోటు వైపు చెయ్యి ఎత్తాడు. ఆమె తన వెనకే డ్రమ్స్ వాయిస్తోందన్న సంగతి మరిచిపోయాడు. ఎత్తిన చెయ్యి చూసి బాల్‌రాజ్ ఆగాడు. మల్లేశ్వర్ మాట మధ్యలో ఆగాడు.

నిరోషా మోచేతులు కూడా ఆగబోయాయి. నీళ్ల సీసాతో తను నిలబడే ఆ చోటు ఖాళీగా ఉండటం ఆమెకు కనబడింది. ఆమె ఆగలేదు.

చంద్రకాంత్ వెనక్కి తిరిగి, “ఆపవే,” అన్నాడు. ఆమె అతని చెయ్యి కిందికి దిగేదాకా చూస్తూ, పాట చివరిదాకా ఒక్కతే వాయించింది. పాట అయిందో లేదో తెలియక కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు కొట్టలేదు.

తిరిగి పోయేటప్పుడు వ్యానులో బాల్‌రాజ్, “అన్నా, నీళ్లడిగితేనే పాటాగింది. చాయ్ అడిగుంటే హాలే కూలుతుండె,” అన్నాడు.

“నలుగుర్ల ఇజ్జత్ తీసినవ్. చెయ్యి లేపింది కనవడలేదా?” అన్నాడు చంద్రకాంత్.

“కనవడ్డది,” అంది నిరోషా. “గా దెబ్బ మొగులప్పకు నేను...”

చెయ్యి లేచింది.

“...నేర్ప. అది నాది,” అని ఆమె పూర్తి చేసింది.

ఆ వారంలోనే శ్రావణం వచ్చింది, ముహూర్తాలు మొదలయ్యాయి, నాపరాయి మళ్లీ వాయించలేదు. ఆరేళ్ల తర్వాత, 2025 ఆషాఢం నాటికి, నిరోషా చంద్రకాంత్ ఇల్లు విడిచి, తాండూరులో తండ్రి వదిలిపోయిన రెండు గదుల్లో ఒంటరిగా ఉంటూ, ఆదివారాలు చర్చిలో డ్రమ్స్ వాయిస్తోంది.