విచ్చుకోని పిడికిలి

నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. అరచేతిలో ఇమిడేంత ఉంటాను. నడుమ చిన్న గాజు పలక, దాని కింద ఎర్రటి వెలుగు. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో ప్రయాణించి, నిర్మల్ వైపు ఒక పల్లె పోస్టాఫీసుకు చేరాను. పింఛన్ కోసం వచ్చినవాళ్లు నా మీద వేలు పెడతారు. ఫలానా మనిషి తనేనని నేను ఒప్పుకుంటేనే పోస్టాఫీసు నడిపే విఠల్ సారు డబ్బు చేతికిస్తాడు. మనుషులు ఒకరి మాట ఒకరు నమ్మలేక ఆ పని నాకు అప్పగించారన్నమాట.

వేళ్లంటే నాకు ఎంతకీ తీరని వింత. బీడీలు చుట్టి చుట్టి గీతలరిగిన వేళ్లు, పసుపు అంటిన వేళ్లు, వణికే వేళ్లు. ఒకదాని గీతలు మరొకదానికి ఉండవు. తమ వేళ్ల మీద ఇంత రాసి ఉందని వాటి యజమానులకు మాత్రం పట్టదు.

ఒకనాడు జమున తన కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. తొమ్మిదేళ్ల శ్రీనిధికి పుట్టుకతోనే ఒళ్లంతా బిగుసుకుపోయింది. నడక లేదు, మాట లేదు. ఆ పిల్లను కనిపెట్టుకుని ఉండడానికే జమున బీడీల పని మానేసింది. తండ్రి పోశెట్టి ట్రాక్టరు కూలితో ఇల్లు గడుస్తుంది. పిల్ల పేరున వచ్చే వికలాంగుల పింఛన్‌తో మందులు వస్తాయి. నడవలేనందుకు ఇచ్చే డబ్బును నడవలేని మనిషే వచ్చి తీసుకోవాలని రాసిందెవరో చూడాలని నాకు మహా కుతూహలం.

శ్రీనిధి పిడికిలి గట్టిగా మూసి ఉంది. బొటనవేలు లోపలెక్కడో ఇరుక్కుంది. జమున విప్పబోతే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. నేను వెలిగాను, ఆరాను. పోయిన నెలా ఇంతే.

“ఇప్పుడు గూడ పడకపోతే పేరు తీసేస్తరు చెల్లే. నా చేతుల ఏం లేదు” అన్నాడు విఠల్.

“నా ఏలు తీస్కోరాదు సారూ? దాన్ని మోసేది నేనే గదా.”

“మిషన్ ఒప్పుకోదమ్మా.”

నిజమే. నాకు గీతలు తెలుసు, బంధుత్వాలు తెలియవు.

జమున గుమ్మం దాకా వెళ్లింది. విఠల్ వెనక నుంచి అడిగాడు. “ఇంట్ల ఎప్పుడన్న చెయ్యి ఇడుస్తదా?”

“ఉడుకునీళ్లతోని తానం పోసి, వాళ్ల నాయిన పాట పాడితే ఇడుస్తది.”

“రేపు పొద్దుగాల పోశెట్టిని పనికి పోవద్దను. నేనే వస్త.”

మర్నాడు విఠల్ నన్ను చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను ఆఫీసు దాటడం అదే మొదలు. వాళ్లింట్లో గోడవారనే తప్ప సిగ్నల్ అందదు. మంచం అక్కడికి జరిపారు. అప్పుడే స్నానమైన శ్రీనిధిని దాని మీద పడుకోబెట్టారు. పోశెట్టి పాడాడు. గొంతు ట్రాక్టరు ఇంజన్‌కి తీసిపోదు. శ్రీనిధికి మాత్రం అదే ఇష్టం. కిలకిలా నవ్వింది. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

“ఏలు పట్టి పెట్టాల్నా సారూ?” అంది జమున ఆత్రంగా.

“పట్టకు. దానంతటదే పెట్టనియ్.”

విఠల్ నన్ను ఆ చేతి కిందికి జరిపి ఊరుకున్నాడు. వేళ్లు నా అంచులు తడిమాయి, గాజును గీరాయి, వెలుగు దగ్గర ఆగాయి. అన్ని వేళ్లనూ చూసిన నన్ను అంత శ్రద్ధగా చూసింది ఆ ఒక్క చేయే. చివరకు బొటనవేలు వచ్చి నా మీద వాలింది. ఒప్పుకున్నాను.

“పడ్డది!” అని అరిచాడు పోశెట్టి. జమున అక్కడే నేల మీద కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. విఠల్ ఏదో దుమ్ము పడినట్టు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత నెలనెలా నాకు ఆ ఇంటి ప్రయాణం ఉండేది. ఇప్పుడు ముఖం చూసి మనిషిని గుర్తుపట్టే ఫోను వచ్చింది. నేను బల్ల సొరుగులో, ఆరిపోయిన పెన్నుల మధ్య పడుకున్నాను. మొన్న జమున గొంతు వినిపించింది.

“గీ ఫోను ముఖం అడుగుతదట గదా సారూ. మా పిల్ల తల ఒక్కకాడ నిలువది.”

కుర్చీ జరిగిన చప్పుడు.

“పా చెల్లే, ఇంటికే పోదాం” అన్నాడు విఠల్.